రైల్వే కాలేజీలో మొదలైన మిలిటరీ అకాడమీ

పోయిన సెమిస్టర్‌లో నేను మూడు రోజులు క్లాసులకు రాలేదు. బంధువుల పెళ్లి అని చెప్పాను. వెళ్లింది పెళ్లికి కాదు, బెంగళూరులో ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి. ఐదు రోజుల ఇంటర్వ్యూలో మొదటి రోజు మధ్యాహ్నానికే నా బ్యాగ్ నా చేతికొచ్చింది. సంగతి హాస్టల్ అంతా తెలిసిపోయింది, క్లబ్ వాళ్లు కూడా "రాయరా" అని వెంటపడ్డారు. అందుకే ఈ వ్యాసం. నా ఇంటర్వ్యూ గురించి చివర్లో కొంచెం చెబుతాను. ముందు నేను వెళ్లాలనుకున్న చోటు గురించి చెప్పాలి. డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీ, ఐఎంఏ. మనలో చాలామందికి ఐఐఎంల లిస్టు నోటికొచ్చు గానీ, ఇంజినీరింగ్ డిగ్రీతో రాతపరీక్ష లేకుండా నేరుగా ఈ అకాడమీకి దారి ఉందన్న సంగతి తెలియదు. నాక్కూడా మూడో సంవత్సరం దాకా తెలియదు.

బ్రిటిష్ వాళ్ల సైన్యంలో మనవాళ్లు లక్షల్లో ఉండేవాళ్లు. సిపాయిలుగా, మహా అయితే జమేదారు, సుబేదారు, సుబేదారు మేజరు. ముప్పై ఏళ్లు సర్వీసు చేసిన సుబేదారు కూడా నిన్నగాక మొన్న ఇంగ్లండు నుంచి దిగిన కుర్ర ఆఫీసరు కింద పనిచేయాల్సిందే. మొదటి ప్రపంచ యుద్ధంలో అంతమంది మనవాళ్లు చనిపోయాక ఈ పద్ధతి నడవదని వాళ్లకీ అర్థమైంది. అప్పుడేం చేశారంటే, ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ మిలిటరీ కాలేజీలో భారతీయులకు ఏడాదికి 10 సీట్లు ఇచ్చారు. దేశం మొత్తానికి పది! అక్కడిదాకా వెళ్లి చదవాలంటే డబ్బుండాలి, ఇంగ్లీషు చదువుండాలి, సిఫారసు ఉండాలి. వెళ్లినవాళ్లలోనూ చాలామంది మధ్యలోనే ఫెయిలై తిరిగొచ్చేవాళ్లు. స్వతంత్ర భారత సైన్యానికి మొదటి భారతీయ అధిపతి అయిన కరియప్ప కూడా శాండ్‌హర్స్ట్ విద్యార్థి కాదు. యుద్ధం ముగిసే రోజుల్లో ఇండోర్‌లో తాత్కాలికంగా నడిపిన కేడెట్ కాలేజీ నుంచి వచ్చిన మనిషి.

"మన కాలేజీ మనకు కావాలి" అని శాసనసభలో గట్టిగా అడుగుతూ వచ్చారు. 1925లో స్కీన్ కమిటీ వేశారు. అందులో మోతీలాల్ నెహ్రూ, జిన్నా ఇద్దరూ సభ్యులే (మోతీలాల్ తర్వాత రాజీనామా చేశారు). ఇండియాలోనే సైనిక కళాశాల పెట్టాలని కమిటీ చెప్పింది. ఆ తర్వాత రౌండ్ టేబుల్ సమావేశాల్లో మళ్లీ అదే గొడవ. చివరికి సైన్యాధిపతి ఫిలిప్ చెట్‌వుడ్ అధ్యక్షతన ఇంకో కమిటీ కూర్చుని పని తేల్చింది.

స్థలం? డెహ్రాడూన్‌లో రైల్వే స్టాఫ్ కాలేజీ క్యాంపస్ దొరికింది. భవనం, హాస్టళ్లు, మైదానం అన్నీ రెడీగా ఉన్నాయి. రైళ్లు నడిపే ఆఫీసర్ల కోసం కట్టిన కాలేజీలో సైన్యం నడిపే ఆఫీసర్లు దిగారన్నమాట. ఇప్పుడు పాసింగ్ అవుట్ పరేడ్ వీడియోల్లో వెనక గడియారంతో కనిపించే ఆ పొడవాటి భవనం ఆ క్యాంపస్‌దే. దానికే తర్వాత చెట్‌వుడ్ పేరు పెట్టారు.

1932 అక్టోబర్ 1న 40 మంది కేడెట్లతో శిక్షణ మొదలైంది. మొదటి కమాండెంట్ బ్రిగేడియర్ కాలిన్స్. పరీక్ష రాసి వచ్చిన కుర్రాళ్లు, సైన్యంలో సిపాయిలుగా ఉండి ఎంపికైనవాళ్లు, సంస్థానాల సైన్యాల నుంచి వచ్చినవాళ్లు అందరూ ఒకే బ్యాచ్. డిసెంబర్ 10న చెట్‌వుడ్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. ఆ రోజు ఆయన చేసిన ప్రసంగంలోని మూడు మాటలే ఇప్పటికీ అకాడమీకి మంత్రం. వాటి సారాంశం ఇది: దేశం క్షేమం, గౌరవం ఎప్పుడూ మొదటి స్థానంలో ఉండాలి. నీ కింద పనిచేసే జవాన్ల బాగోగులు తర్వాతి స్థానంలో. నీ సుఖం, నీ ప్రాణం అన్నిటికన్నా చివర. చెట్‌వుడ్ హాల్లో వాటిని చెక్కించారు. ఒక వలస పాలకుడి మాటల్ని స్వతంత్ర దేశం ఎందుకు ఉంచుకుంది అని మొదట నాకూ అనిపించింది. కానీ ఆ మాటల్లో రాజు పేరు ఎక్కడా లేదు, దేశం అనే ఉంది. అందుకే నిలబడ్డాయేమో.

ఇలా దేశంలో తయారైన ఆఫీసర్లకు శాండ్‌హర్స్ట్‌లో చదివినవాళ్లకన్నా జీతం తక్కువ. అధికారం కూడా భారతీయ సైనికుల మీదే, బ్రిటిష్ సైనికుల మీద ఉండేది కాదు. కాలేజీ అయితే ఇచ్చారు గానీ సమానం మాత్రం చేయలేదు.

ఆ మొదటి బ్యాచ్‌ని 'పయనీర్స్' అంటారు. అందులో ముగ్గురు సహాధ్యాయులు మూడు దేశాల సైన్యాలకు అధిపతులయ్యారు. శాం మానెక్‌షా మనకు, ముహమ్మద్ మూసా పాకిస్తాన్‌కు, స్మిత్ డన్ బర్మాకు. 1965 యుద్ధంలో అవతలివైపు సైన్యాధిపతి మూసా, 1971లో ఇవతల మానెక్‌షా. మన క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని పేపర్ రాకెట్లు విసురుకునే ఇద్దరు రేపు సరిహద్దుకు చెరోవైపు ఉన్నారనుకోండి, అలా ఉంటుంది.

ఈ కథలో నన్ను బాగా ఆపేసిన చోటు 1947. దేశంతో పాటు అకాడమీనీ పంచారు. సామాను, సిబ్బంది, కేడెట్లు అన్నీ రెండు భాగాలు. ఆ అక్టోబర్‌లో పాకిస్తాన్ వైపు వెళ్లే కేడెట్లు డెహ్రాడూన్ వదిలేశారు. వాళ్లకోసం కాకుల్‌లో కొత్త అకాడమీ మొదలైంది. ఒకే స్క్వాడ్‌లో ఒకే ఉస్తాద్ తిట్లు తిన్నవాళ్లు. అప్పటికే కాశ్మీరులో మంటలు రాజుకుంటున్నాయి. ఆ విడిపోయినవాళ్లలో ఎంతమంది ఎదురెదురుగా నిలబడాల్సి వచ్చిందో! దీని మీద ఎవరైనా తెలుగులో నవల రాస్తే బాగుండు.

ఆ తర్వాత పేర్ల గందరగోళం. 1949లో త్రివిధ దళాలకూ కలిపి జాయింట్ సర్వీసెస్ వింగ్ ఇక్కడే పెట్టి, మొత్తానికి ఆర్మ్డ్ ఫోర్సెస్ అకాడమీ అన్నారు. ఏడాది తిరిగేసరికి నేషనల్ డిఫెన్స్ అకాడమీ అన్నారు. ఆ వింగ్ పుణె దగ్గర ఖడక్‌వాస్లాకు మారి ఇప్పటి ఎన్‌డీఏ అయింది. డెహ్రాడూన్‌లో మిగిలింది మిలిటరీ కాలేజీ. 1960లో దానికి మళ్లీ పాత పేరు వచ్చింది. 1962 చైనా యుద్ధం తర్వాత ఆఫీసర్ల కొరత తీర్చడానికి కోర్సులు కుదించి, వేలమందిని హడావుడిగా తయారుచేశారు.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. కేడెట్లు బెటాలియన్లుగా, కంపెనీలుగా ఉంటారు. బెటాలియన్లకు కరియప్ప, తిమ్మయ్య, మానెక్‌షా, భగత్ లాంటి పేర్లు. కంపెనీలకు మాత్రం యుద్ధక్షేత్రాల పేర్లు: కొహిమా, ఇంఫాల్, అలమీన్, కాసినో, కెరెన్, హాజీపీర్, డోగ్రాయ్, బసంతర్. మనం హాస్టల్ బ్లాకులకు ఏ, బీ, సీ అని పెట్టుకున్నాం. వాళ్లు పొద్దున లేచి "నేను బసంతర్ కంపెనీ" అనుకుంటారు.

లోపలికి దారులు చాలా ఉన్నాయి. ఎన్‌డీఏలో మూడేళ్లు చేసినవాళ్లు ఇక్కడ ఒక ఏడాది ఉంటారు. డిగ్రీ తర్వాత సీడీఎస్ పరీక్ష రాసినవాళ్లకు ఏడాదిన్నర. జవాన్లుగా చేరి ఆర్మీ కేడెట్ కాలేజీ ద్వారా ఆఫీసర్లయ్యేవాళ్లూ ఉన్నారు. వీళ్ల మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. 1932లో సిపాయిల నుంచి కేడెట్లను తీసుకున్న పద్ధతి ఏదో రూపంలో ఇంకా బతికే ఉంది. ఇంటర్ తర్వాత టెక్నికల్ ఎంట్రీలో వెళ్తే బీటెక్ కూడా సైన్యమే చదివిస్తుంది. మన సికింద్రాబాద్‌లోని ఎంసీఈఎంఈ అందుకున్న కాలేజీల్లో ఒకటి. మన దారి టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు, టీజీసీ. 20 నుంచి 27 ఏళ్ల లోపు పెళ్లికాని అబ్బాయిలకు. ఫైనల్ ఇయర్‌లోనే అప్లై చేయొచ్చు. మార్కులతో షార్ట్‌లిస్ట్ చేస్తారు, మనలాంటివాళ్లకు ఆరో సెమిస్టర్ దాకా వచ్చిన మార్కులే లెక్క. ఈమధ్య నోటిఫికేషన్లలో దేశం మొత్తానికి 30 సీట్లే చూపిస్తున్నారు. శాండ్‌హర్స్ట్ పది సీట్లు గుర్తొచ్చాయి కదా! శిక్షణ 12 నెలలు, నెలకు స్టైపెండ్ 56,100. మధ్యలో పెళ్లి కుదరదు. సొంత ఇష్టంతో మానేస్తే ఖర్చు కట్టాలి. అమ్మాయిలకు ఇంజినీరింగ్‌తో వెళ్లే షార్ట్ సర్వీస్ దారి ఉంది. ఎన్‌డీఏలో అమ్మాయిల మొదటి బ్యాచ్ 2022లో చేరింది.

శిక్షణ అంటే మనకు గుర్తొచ్చేది పరుగులు, తుపాకులు. అవి ఉంటాయి. మ్యాప్ రీడింగ్, వ్యూహాలు, సైనిక చరిత్ర, సైనిక చట్టం పాఠాలూ ఉంటాయి. రాత్రిళ్లు దిక్సూచితో నడక, భుజాన బరువుతో కొండల్లో క్యాంపులు. కానీ మొదటి టర్ములో అందరినీ ఏడిపించేది డ్రిల్. డ్రిల్ పరీక్ష పాసయ్యేదాకా ఊళ్లోకి వెళ్లనివ్వరు. మిస్సైళ్ల కాలంలో కాళ్లు ఎత్తి దించడం ఎందుకు అని నేనూ వాదించేవాణ్ని. ఎన్‌సీసీలో రెండేళ్లు చేశాక నాకు అర్థమైనంతలో, అది కాళ్ల కోసం కాదు. అలసిపోయినప్పుడు, చిరాకులో ఉన్నప్పుడు కూడా ఆదేశం చెవిన పడగానే ఒళ్లు కదలాలి. ఆ అలవాటు పుస్తకంతో రాదు. ఇక పనిష్మెంట్లకు వాళ్ల మాట 'రగడా'. ఐదు నిమిషాల్లో ఒక యూనిఫామ్ విప్పి ఇంకోటి వేసుకుని రావడం, మళ్లీ మార్చుకుని రావడం లాంటి సరదాలు. ఇది కొంత శృతి మించుతుందని నా అభిప్రాయం.

చివరి రోజు, జూన్‌లోనో డిసెంబర్‌లోనో, పరేడ్ అయ్యాక చెట్‌వుడ్ భవనం మెట్లెక్కుతూ 'అంతిమ్ పగ్' అని రాసిన గీత దాటుతారు. కేడెట్‌గా అదే ఆఖరి అడుగు. తర్వాత భుజాల మీద స్టార్లు పెట్టేది జనరల్ కాదు, అమ్మానాన్నలు.

మాది సూర్యాపేట. 2020లో మా పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి, ఇంట్లోనే ఉన్నాం. జూన్ 15న గల్వాన్‌లో కల్నల్ సంతోష్ బాబు చనిపోయారు. కోరుకొండ సైనిక్ స్కూల్, ఎన్‌డీఏ, తర్వాత ఐఎంఏ. 2004లో ఆ గీత దాటిన మనిషి. 16 బీహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్. తర్వాత మహావీర చక్ర ఇచ్చారు. 18న అంత్యక్రియలు. కరోనా భయంలోనూ జనం రోడ్డు పక్కన పూలు పట్టుకుని నిలబడ్డారు. నేను నాన్న పక్కన ఉన్నాను. నాకు ఈ ఆలోచన అక్కడే పుట్టింది. అమ్మకు భయం కూడా అక్కడే పుట్టింది. టీజీసీ సంగతి చెప్పినప్పుడు ఆమె అన్న మొదటి మాట: "నిన్ను ఇంజినీరింగ్ జదివించింది గిందుకేనా బిడ్డా?" నాన్న ఏమీ అనలేదు. క్యాంపస్‌లో వచ్చిన ఆఫర్ లెటర్ ఎక్కడ పెట్టావని మాత్రం అడిగారు.

ఇక నా ఎస్‌ఎస్‌బీ. మనిషిని మనసా, వాచా, కర్మణా చూస్తారు. మనసుకు సైకాలజిస్టు, మాటకు ఇంటర్వ్యూ ఆఫీసరు, చేతకు గ్రౌండ్ మీద జీటీఓ. ఈ మూడు మాటలూ నావి కావు, అక్కడ నిజంగానే వాడతారు. కానీ వాటి దాకా వెళ్లాలంటే మొదటి రోజు దాటాలి. ముందు ఓ ఇంటెలిజెన్స్ టెస్టు. తర్వాత మసకగా ఉన్న బొమ్మ 30 సెకన్లు చూపిస్తారు, నాలుగు నిమిషాల్లో కథ రాయాలి, ఆ తర్వాత గ్రూపంతా కలిసి ఒకే కథకు రావాలి. నా కథ బాగానే ఉంది. కూలిన వంతెన, యువ ఇంజినీరు, ఊరి జనం. డిస్కషన్ మొదలవగానే అందరూ ఒకేసారి అరిచారు. నేను రెండుసార్లు నోరు తెరిచాను, ఎవరూ వినలేదు, ఊరుకున్నాను. నా పక్కన ఉన్న ఒడిశా కుర్రాడు అరవలేదు. ఊరికే మౌనంగా కూర్చున్న ఒకడి వైపు తిరిగి "నీ కథ చెప్పు" అన్నాడు. అందరూ ఆగారు. అతని నంబర్ పిలిచారు, నాది పిలవలేదు. రైల్లో వస్తూ మూడు మంత్రాల్లో రెండోది గుర్తొచ్చింది, నీవాళ్లు ముందు అనేది. నేను నా వంతెన గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను మరి.

27 దాకా టైముంది. మళ్లీ వెళ్తాను. చేరేముందే 2.4 కిలోమీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో పరిగెత్తగలగాలి, 40 పుష్-అప్స్, 6 పుల్-అప్స్ చేయగలగాలి అని నోటిఫికేషన్‌లో రాస్తారు. ఇప్పటికి నా పరుగు 11:20, పుల్-అప్స్ నాలుగు. సాయంత్రం ఐదున్నరకి గ్రౌండ్‌లో ఉంటాను, రావాలనుకునేవాళ్లు రండి.

మొన్న ఆదివారం ఫోన్లో స్టార్ల సంగతి అమ్మకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ మెట్లకాడికి మమ్మల్ని గూడ రానిస్తరా?" అంది.

"రానిచ్చుడేందమ్మా, పెట్టేదే మీరు."

"సరే, ముందు నువ్వు సెలెక్ట్ గా" అని పెట్టేసింది.