మలుపులోని బలం – సేఖోన్ సాహసం

పిల్లలూ! చీపురుపల్లి నుంచి విజయనగరం వెళ్లే బస్సు వేగంగా మలుపు తిరిగితే మనం పక్కకు ఒరిగిపోతాం. బస్సులోనే ఇలా ఉంటే, యుద్ధ విమానం నడిపే మనిషి సంగతేమిటి? అలాంటి విమానంలో పోరాడి ప్రాణమిచ్చిన ఒక వీరుని గురించి తెలుసుకుందాం.

1971 డిసెంబరు 14. భారత్, పాకిస్తాన్ల మధ్య యుద్ధం జరుగుతున్నది. శ్రీనగర్ విమాన స్థావరం మీదికి ఆరు సేబర్ జెట్ విమానాలు దాడికి వచ్చాయి. అక్కడ కాపలా ఉన్నవారిలో పంజాబుకు చెందిన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సేఖోన్ ఒకరు. ఆయన విమానం పేరు నాట్. అంటే దోమలాంటి చిన్న పురుగు! దాని పొడవు తొమ్మిది మీటర్లు కూడా లేదు. సేబర్ పొడవు 11 మీటర్లకు పైనే.

శ్రీనగర్ సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం మన తీరప్రాంతంలో కన్నా దాదాపు ఆరోవంతు తక్కువ. గాలి పలుచనైతే రెక్కలను పైకెత్తే బలం తగ్గుతుంది. అందువల్ల విమానం ఎక్కువ దూరం పరుగెత్తితేగాని నేల విడవదు. ఆ పరుగంతా సేఖోన్ బాంబులు పడుతున్న రన్‌వే మీదనే తీశారు!

ముందుగా లేచిన నాయకుని విమానం కనబడకుండా పోయింది. సేఖోన్ ఒంటరివారయ్యారు. అయినా శత్రువులను వెంటాడారు.

ఇటువంటి పోరులో విమానాలు గిరగిర మలుపులు తిరుగుతాయి. వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగిస్తే అభికేంద్ర త్వరణం వస్తుంది. ఉదాహరణకు వేగం సెకనుకు 200 మీటర్లు, మలుపు వ్యాసార్థం 1,000 మీటర్లు అనుకోండి. త్వరణం 40 వస్తుంది. ఇది గురుత్వ త్వరణానికి సుమారు నాలుగు రెట్లు. 60 కిలోల మనిషికి తాను 240 కిలోలున్నట్టు అనిపిస్తుంది. చెయ్యి ఎత్తడమే కష్టం. తలలోని రక్తం కాళ్లవైపు దిగి, చూపు మసకబారుతుంది. ఆ స్థితిలోనే గురి చూడాలి, వెనుక వచ్చేవారిని కనిపెట్టాలి.

సేఖోన్ ఒక సేబర్‌ను దెబ్బతీసి, మరొకదానికి నిప్పంటించారని ఆయన పతక ప్రశంసాపత్రం చెబుతున్నది. చివరకు నాలుగు విమానాలు ఆయన ఒక్కరినీ చుట్టుముట్టాయి. చెట్ల ఎత్తున సాగిన ఆ పోరులో నాట్ కూలిపోయింది, సేఖోన్ అమరులయ్యారు. మరణానంతరం ఆయనకు పరమవీర చక్ర లభించింది. మన వాయుసేనలో ఆ పతకం పొందినవారు ఇప్పటికీ ఆయన ఒక్కరే. 2023లో అండమాన్‌లోని ఒక దీవికి ఆయన పేరు పెట్టారు.

ఇప్పుడు మీరే లెక్క కట్టండి. అదే వేగంతో మలుపు వ్యాసార్థం 500 మీటర్లయితే త్వరణం ఎంత? జవాబు వచ్చాక, ఆ బరువును భరిస్తూ పోరాడేవారిని ఒక్కసారి తలచుకోండి.