శిలల నాడి

భూమికి ‘అచల’, ‘స్థిర’ అని పేర్లు. కాని 1967 డిసెంబరు 11 వేకువజామున మహారాష్ట్రలోని కొయనా ప్రాంతంలో ఆ అచల చలించింది. 6.3 పరిమాణం గల ఆ భూకంపంలో సుమారు 200 మంది మరణించారు. కొయనా నదిపై ఆనకట్ట కట్టి, జలాశయం నింపిన కొన్నేళ్ళకే ఈ విపత్తు సంభవించింది. నాటి నుండి అక్కడ ప్రకంపనలు కలుగుతూనే ఉన్నాయి. వాటి మూలం తెలియాలంటే భూగర్భ శిలలు ఎంత ఒత్తిడిని భరిస్తున్నాయో తెలియాలి.

ఈ ఒత్తిడిని శాస్త్ర పరిభాషలో ‘ప్రతిబలం’ అంటారు. పైనున్న రాతిపొరల బరువు వల్ల కలిగేది నిలువు ప్రతిబలం. రాతి సాంద్రతను బట్టి దీనిని లెక్కకట్టవచ్చు. కిలోమీటరు లోతున అది దాదాపు 27 మెగాపాస్కల్‌లు. అనగా వాతావరణ పీడనానికి సుమారు 270 రెట్లు. పక్కల నుండి నొక్కే క్షితిజ సమాంతర ప్రతిబలాలను మాత్రం ఇట్లా గణించ వీలులేదు. రాతి చెంతకు పోయి కొలవవలసినదే.

అందుకు ఒక ఉపాయం ఉన్నది. లోతైన బోరులో పగుళ్ళు లేని భాగాన్ని ఎంచుకొని, దానికి పైన ఒకటి, క్రింద ఒకటి రబ్బరు బిరడాలను ఉబ్బించి బిగిస్తారు. నడుమ భాగంలోనికి పంపుతో నీటిని ఎక్కిస్తారు. పీడనం పెరిగి ఒక దశలో రాయి నిలువునా చిట్లుతుంది. పంపు ఆపగానే ఆ పగులు మూసుకొనసాగుతుంది. అది మూసుకొనేటప్పటి పీడనమే కనిష్ఠ క్షితిజ సమాంతర ప్రతిబలం. పగులు సాగిన దిక్కు గరిష్ఠ ప్రతిబలం ఏ దిశలో ఉన్నదో తెలుపుతుంది.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కొయనా భూకంపాలను దశాబ్దాలుగా పరిశీలిస్తున్నది. 2017లో అక్కడ మూడు కిలోమీటర్ల లోతు బోరు పూర్తయింది. పైన సుమారు 1,250 మీటర్ల వరకు ఆరున్నర కోట్ల ఏళ్ళనాటి బసాల్టు. ఆ క్రింద 250 కోట్ల ఏళ్ళకు పైబడిన గ్రానైటు శిల. అక్కడి పరిశోధనల వల్ల రెండు విషయాలు తేటపడినవి. శిలలు భరించగల హద్దుకు చేరువలో ఉన్నవి. వాననీరు మూడు కిలోమీటర్ల వరకు ఇంకుతున్నది. పగుళ్ళలో చేరిన నీటి పీడనం శిలల నడుమ పట్టును సడలిస్తుంది. అప్పుడు స్వల్పమైన మార్పు సైతం భూకంపానికి కారణం కావచ్చు.

భూకంపం వచ్చే దినమును, ఘడియను ఈ కొలత చెప్పజాలదు. అయితే ఓర్పుకు మారుపేరైన భూమి తన ఓర్పు హద్దుకు ఎంత దగ్గరగా ఉన్నదో చెప్పగలదు. ఆనకట్టలు, ఇండ్లు ఎంత దృఢంగా కట్టుకోవాలో నిర్ణయించడానికి ఆ ఎరుక ఎంతో అవసరం.