గోడకు ఒదిగే నిచ్చెన

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: ఈ మూడు ఊళ్ళలో ఏ బజారులో నడిచినా ఒక రకం ఇల్లు తరచుగా కనిపిస్తుంది. కింద దుకాణం, పైన కాపురం. దుకాణం పక్కనుంచి సన్నని మెట్లు పైకి వెళతాయి. పైవాళ్ళు బడికి వెళ్ళాలన్నా, బజారుకు వెళ్ళాలన్నా ఆ మెట్లే దారి. రోజూ ఆ ఒక్క దారి చాలు. కాని ఒక రోజు మాత్రం చాలదు. ఏ రోజు? కింద నిప్పంటుకున్న రోజు.

నిప్పు నుంచి తప్పించుకోవడానికి రెండో దారి ఎంత అవసరమో మన ప్రాంతానికి తెలియనిది కాదు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, బెంగుళూరు నుంచి హైదరాబాదుకు వస్తున్న ఒక బస్సు పాలెం దగ్గర కల్వర్టును ఢీకొని మంటల్లో చిక్కుకుంది. పాలెం ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉంది. ఆ ప్రమాదంలో 45 మంది చనిపోయారు. బయటపడినవారు కొద్దిమందే. 2020 ఆగస్టు 20 రాత్రి నాగర్‌కర్నూల్ జిల్లాలో, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. సొరంగమంతా పొగ కమ్మింది. తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. బస్సు వేరు, సొరంగం వేరు. కాని రెండూ చెప్పే పాఠం ఒకటే: మనిషి లోపలికి వచ్చిన దారి మూసుకుపోతే, బయటికి పోవడానికి మరో దారి ఉండాలి.

ఇళ్ళ సంగతి చూద్దాం. 2025 మే 18 ఉదయం హైదరాబాదులో, చార్మినార్ సమీపంలోని గుల్జార్‌హౌజ్ వద్ద ఒక ఇంట్లో అగ్నిప్రమాదం జరిగింది. కింద దుకాణాలు, పైన రెండు అంతస్తుల్లో కుటుంబం. ఇంట్లోకి వెళ్ళే దారి సొరంగంలా ఇరుకు. మెట్ల వెడల్పు సుమారు ఒక మీటరు. ఎనిమిది మంది పిల్లలతో సహా 17 మంది మరణించారు. వారిలో చాలామందిని బలిగొన్నది మంట కాదు, పొగ.

పొగ ఎటు పోతుంది?

వంటింట్లో పొయ్యి మీది పొగను గమనించండి. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది. అప్పుడు దాని సాంద్రత తగ్గుతుంది. చుట్టూ ఉన్న చల్లని, బరువైన గాలి దాన్ని పైకి నెడుతుంది. పాతకాలపు మట్టి మిద్దెల్లో పొయ్యికి పైన కప్పులో ఒక కంత ఉంచేవారు. పొగ తనంతట తానే వెతుక్కుంటూ అందులోనుంచి పోయేది.

ఇప్పుడు కింద దుకాణం, పైన కాపురం ఉన్న ఇంటిని ఊహించుకోండి. కింద నిప్పంటుకుంటే పొగకు దొరికే కంత ఏది? మెట్ల దారే! నాలుగు గోడల మధ్య నిలువుగా ఉన్న ఆ సందు పొగగొట్టంలా పనిచేస్తుంది. అంటే మనుషులు కిందికి రావలసిన దారిలోనే పొగ పైకి ఎక్కుతుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు, వాసన లేని ఈ వాయువు రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా కలుస్తుంది. దాంతో రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు. అందువల్లనే మంట దూరంగా ఉన్నా మనిషి సొమ్మసిల్లి పడిపోతాడు.

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో జరిగింది ఇదే. ఒక హోటలు కింద ఉన్న విద్యుత్ స్కూటర్ల దుకాణంలో మంటలు లేచాయి. పొగ మెట్ల దారి వెంట పై అంతస్తులకు చేరింది. ఎనిమిది మంది చనిపోయారు. కొందరు కిటికీల్లోనుంచి బయటికి వచ్చి, గోడకున్న పైపులు పట్టుకుని దిగి బతికారు. పైపు నిచ్చెన కాదు. కాని ఆ రాత్రి నిచ్చెన పని చేసింది. మరి ఆ పైపే నిజంగా నిచ్చెనగా మారితే?

బయట మెట్లు కడితే చాలదా?

పొగ ఇంటి లోపలి మెట్లలోకి వస్తుంది గనుక రెండో దారి ఇంటి బయట ఉండాలి. ఈ ఆలోచన పాతదే. 1887లో అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన ఆనా కానలీ అనే ఆమె ఒక ఇంటి కప్పు మీదనుంచి పక్క ఇంటి కప్పు మీదికి వెళ్ళే ఇనుప వంతెనకు పేటెంటు పొందింది. గోడకు గోడ ఆనుకుని ఉన్న మన మిద్దెల వరుసల్లో ఆ వంతెన కూడా అక్కరలేదు. పిట్టగోడ దాటితే చాలు.

అందరికీ ఆ వీలుండదు. అలాంటప్పుడు బయట మెట్లు కట్టాలి. భారత జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం తప్పించుకునే బయటి మెట్ల వెడల్పు 1.25 మీటర్లకు తగ్గకూడదు. ఒక్కో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు మించకూడదు. అడుగు పెట్టే వెడల్పు 25 సెంటీమీటర్లు ఉండాలి. ఒక లెక్క వేయండి. మూడు మీటర్ల ఎత్తు ఎక్కాలంటే 19 సెంటీమీటర్ల మెట్లు ఎన్ని కావాలి? సుమారు 16. వాటికి నేల మీద నాలుగు మీటర్ల పొడవు, 1.25 మీటర్ల వెడల్పు స్థలం కావాలి. రెండు మీటర్ల సందులో ఇవి కడితే ఎడ్లబండి మాట అటుంచండి, సైకిలు కూడా కష్టంగా పోతుంది. పెద్ద భవనాలకు ఇటువంటి మెట్లే ఉండాలి. కాని సందులోని చిన్న ఇంటికి ఏది దారి?

నిలువు నిచ్చెనను గోడకు శాశ్వతంగా బిగించవచ్చు. అప్పుడు మరో చిక్కు. మనం దిగే దారిలోనే దొంగ ఎక్కుతాడు! ఈ రెండు చిక్కులకూ సమాధానంగా వచ్చిందే మడత నిచ్చెన. మూసి ఉన్నప్పుడు అది గోడ మీది వాననీటి పైపులా కనిపిస్తుంది. పైనుంచి ఒక పిన్ను లాగితే విచ్చుకుని నిచ్చెన అవుతుంది. పిన్ను పై కిటికీ పక్కన ఉంటుంది గనుక కిందినుంచి తెరవడం కుదరదు.

చతుర్భుజం చేసే మాయ

ఇది ఎలా మడుచుకుంటుంది? జవాబు మీ గణిత పుస్తకంలోనే ఉంది. మూడు పుల్లలను మూలల్లో మేకులతో కలిపి త్రిభుజం చేయండి. ఎంత నొక్కినా దాని ఆకారం మారదు. నాలుగు పుల్లలతో చతురస్రం చేసి చూడండి. కొంచెం తోస్తే పక్కకు వాలిపోతుంది. త్రిభుజం మొండిది, చతుర్భుజం లొంగుతుంది. వంతెనలలో, విద్యుత్ స్తంభాలలో త్రిభుజాలు ఎందుకుంటాయో, మడత వస్తువులలో చతుర్భుజాలు ఎందుకుంటాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

మడత నిచ్చెనలో రెండు నిలువు కమ్ములు, వాటి మధ్య సమానమైన పొడవున్న మెట్లు ఉంటాయి. ప్రతి మెట్టు రెండు చివరలా కీలుతో బిగించి ఉంటుంది. ఒక నిలువు కమ్మి గోడకు కదలకుండా ఉంటుంది. రెండోది కదులుతుంది. ఏ రెండు మెట్లను తీసుకున్నా, వాటి మధ్య ఒక సమాంతర చతుర్భుజం ఏర్పడుతుంది. కదిలే కమ్మిని పైకి ఎత్తితే మెట్లన్నీ ఒకేసారి పైకి తిరిగి, దాదాపు నిలువుగా ఒకదాని పక్కన ఒకటి ఒదుగుతాయి. రెండు కమ్ములూ దగ్గరకు చేరతాయి.

మీరే చేసి చూడండి

కావలసినవి: గట్టి అట్ట, కత్తెర, సూది, లావు దారం.

అట్టనుంచి 30 సెంటీమీటర్ల పొడవున్న రెండు పట్టీలు కత్తిరించండి. ఇవి నిలువు కమ్ములు. ఒక్కోదాని మీద పైనుంచి 3 సెంటీమీటర్ల వద్ద మొదటి రంధ్రం, తరువాత 6 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున మొత్తం ఐదు రంధ్రాలు చేయండి. 10 సెంటీమీటర్ల పొడవున్న ఐదు చిన్న పట్టీలు కత్తిరించి, ప్రతిదానిలో 8 సెంటీమీటర్ల దూరంలో రెండు రంధ్రాలు చేయండి. ఇవి మెట్లు. రంధ్రాల గుండా దారం పోసి, మరీ బిగించకుండా ముళ్ళు వేసి మెట్లను కమ్ములకు కలపండి.

ఎడమ పట్టీని గోడకు ఆనించి పట్టుకోండి. కుడి పట్టీని పైకి ఎత్తి మడవండి. ఇప్పుడు వదలండి. ఏమైంది? అది వంపుగా కిందికి దిగి నిచ్చెన తెరుచుకుంది. కుడి పట్టీ ఎంత కిందికి దిగిందో కొలవండి. దాదాపు 8 సెంటీమీటర్లు, అంటే కీలుకు, కీలుకు మధ్య ఉన్న దూరం.

కాని అది అక్కడ ఆగకుండా ఇంకా కిందికి వాలిపోయి ఉంటుంది. ఇప్పుడు మరో అట్ట ముక్కను ఒక గడిలో మూలనుంచి మూలకు కర్ణంలా కట్టండి. చతుర్భుజం రెండు త్రిభుజాలైంది. ఇక నిచ్చెన కదలదు. నిజమైన నిచ్చెనలో కర్ణం ఉండదు. ఉంటే మడవలేం. దానికి బదులు మెట్టు అడ్డంగా రాగానే ఆపే అడ్డు మేకులు ఉంటాయి. అవి మెట్టును అంతకన్నా కిందికి వాలనివ్వవు.

మోటారు లేని యంత్రం

నిచ్చెన తెరవడానికి కావలసిన శక్తి ఎక్కడిది? కదిలే కమ్మి బరువు 8 కిలోలు, మెట్టు పొడవు 40 సెంటీమీటర్లు అనుకుందాం. నిచ్చెనను మడిచేటప్పుడు ఆ కమ్మిని దాదాపు 40 సెంటీమీటర్ల పైకి ఎత్తాం. గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుంటే అందులో నిలవ ఉన్న స్థితిజ శక్తి 8 × 10 × 0.4 = 32 జౌళ్ళు. బావిలోనుంచి ఒక లీటరు నీటిని మూడు మీటర్ల పైకి చేదడానికి పట్టే పని సుమారు ఇంతే. పిన్ను లాగగానే ఈ శక్తి నిచ్చెనను తెరుస్తుంది. విద్యుత్తు అక్కరలేదు. అగ్నిప్రమాదంలో ముందుగా పోయేది విద్యుత్తే గనుక ఇది చిన్న లాభం కాదు.

ఇక దిగే మనిషి బరువు సంగతి. 60 కిలోల మనిషి అంటే దాదాపు 600 న్యూటన్ల బలం. అతడు మెట్టు మధ్యలో నిలబడితే గోడ వైపు కమ్మికి 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటాడు. బల భ్రామకం 600 × 0.2 = 120 న్యూటన్ మీటర్లు. ఇంత బలమూ అడ్డు మేకుల ద్వారా గోడవైపు కమ్మికి, అక్కడినుంచి గోడలోని బోల్టులకు పోతుంది. ఇద్దరు దిగితే ఇది రెట్టింపు. కాబట్టి బోల్టు పట్టు గట్టి ఇటుకలోనో కాంక్రీటులోనో ఉండాలి. మట్టితో కట్టిన పాత గోడ దీన్ని మోయలేదు.

దీన్ని తేలికగా తీసుకుంటే ఏమవుతుందో చరిత్ర చెప్పింది. 1911 మార్చి 25న న్యూయార్కులో ట్రయాంగిల్ అనే దుస్తుల కర్మాగారంలో మంటలు లేచాయి. బయటి ఇనుప మెట్ల మీదికి జనం ఎక్కారు. వేడికీ, బరువుకూ ఆ మెట్లు వంగి కూలిపోయాయి. ఒక తలుపు తాళం వేసి ఉంది. 146 మంది మరణించారు. దారి ఉంటే చాలదు, అది మోయగలగాలి.

ఎక్కడ బిగించాలి?

ఉక్కు 550 డిగ్రీల సెల్సియస్ దగ్గర తన బలంలో దాదాపు సగం కోల్పోతుంది. అల్యూమినియం అంతకన్నా చాలా ముందే మెత్తబడుతుంది, 660 డిగ్రీల వద్ద కరిగిపోతుంది. కాబట్టి నిచ్చెన కింది దుకాణం తలుపుకో, కిటికీకో ఎదురుగా ఉండకూడదు. వాటిలోనుంచే కదా మంట బయటికి వచ్చేది! విద్యుత్ తీగలకు కూడా దూరంగా ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కిటికీ. మన ఇళ్ళలో కిటికీలకు ఊచలు, గ్రిల్లులు ఉంటాయి. గోడకు ఎంత మంచి నిచ్చెన ఉన్నా, కిటికీలోనుంచి మనిషి రాలేకపోతే దానివల్ల ఏం ప్రయోజనం? ఒక్క కిటికీకైనా లోపలినుంచి గడియ తీస్తే తెరుచుకునే గ్రిల్లు ఉండాలి. తాళం వేస్తే, తాళంచెవి చీకట్లో కూడా చేతికందే చోట ఉండాలి.

మడత నిచ్చెనకూ హద్దులున్నాయి. నడవలేని తాత, చంకలో బిడ్డ ఉన్న తల్లి నిలువు నిచ్చెన దిగడం కష్టం. ఏళ్ళ తరబడి తెరవకపోతే వానకు కీళ్ళు తుప్పుపడతాయి. ఏడాదికి ఒకసారైనా పెద్దవాళ్ళు దాన్ని తెరిచి, నూనె వేసి, మళ్ళీ మడవాలి. దిగేటప్పుడు ముఖం నిచ్చెన వైపు ఉండాలి. రెండు చేతులు, రెండు కాళ్ళలో ఎప్పుడూ మూడు నిచ్చెనను పట్టుకుని ఉండాలి. సరదాకు ఎప్పుడూ ఎక్కవద్దు.

ఇంటి లెక్క

నిచ్చెన కొనడం మీ చేతిలో లేకపోవచ్చు. మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. ఒక కాగితం మీద మీ ఇంటి పటం గీయండి. ప్రతి గదినుంచి బయటికి రావడానికి రెండు దారులను బాణపు గుర్తులతో చూపండి. రెండో దారి దొరకని గది చుట్టూ ఎర్ర గీత గీయండి. మెట్ల కింద నూలు మూటలు, గ్యాసు సిలిండర్లు, మోటారుసైకిలు ఉంటే అక్కడా ఎర్ర గీత గీయండి. బయటికి వచ్చాక అందరూ కలుసుకోవలసిన చోటును, 101, 112 నంబర్లను పటం కింద రాయండి. పొగ వస్తే వంగి, నేలకు దగ్గరగా కదలాలని, బయటికి వచ్చాక దేనికోసమూ మళ్ళీ లోపలికి వెళ్ళకూడదని కూడా రాయండి.

ఆ పటాన్ని రాత్రి భోజనాల వేళ ఇంట్లోవాళ్ళ ముందు పెట్టండి. ఎర్ర గీతలు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఏవి ఈ వారమే చెరిపేయవచ్చో అందరూ కలిసి లెక్క తేల్చండి.