కొత్త ల్యాప్‌టాప్ మొరాయిస్తే: నా రిపేరు బల్ల నేర్పిన పాఠాలు

రేడియోల కాలంలో సోల్డరింగ్ ఐరన్ చేతబట్టినవాణ్ణి. రేడియోల తర్వాత టీవీలు, టీవీల తర్వాత కంప్యూటర్లు, ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు, అన్నీ అనంతపురంలోని నా రిపేరు బల్ల మీదికి వచ్చి వెళ్లినవే. ఇప్పుడు పని పిల్లలు చూసుకుంటున్నారు. సలహా కావాలంటే మాత్రం ఇంకా నా దగ్గరికే వస్తారు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని సీమ మనది. శెనక్కాయ పంట చేతికొస్తే బాకీలు తీరతాయి, రాకపోతే పెరుగుతాయి. అలాంటి ఇంట్లోంచి ఇంజనీరింగ్ చదివే బిడ్డకు లక్ష రూపాయల ల్యాప్‌టాప్ కొన్నారంటే, దాని వెనక బ్యాంకులో కుదువపెట్టిన బంగారమో వడ్డీకి తెచ్చిన అప్పో ఉంటుంది. పెట్టె విప్పిన వారానికే దాని తెర మీద గీత పడితే ఇంటిల్లిపాదీ కుంగిపోతారు. “అంత పెద్ద కంపెనీని మనమేం అడగగలం?” అని ఊరుకునేవాళ్లను చూస్తే నాకు ఇంకా బాధేస్తుంది. ఎంత ఖరీదైన యంత్రంలోనైనా లోపం రావచ్చు. వచ్చినప్పుడు సరిచేయించుకోవడం, అవసరమైతే మార్పించుకోవడం కొన్నవాడి హక్కు. ఆ హక్కు నిలవాలంటే ఏం చేయాలో నాకు తెలిసినంత చెబుతాను.

1. పెట్టె విప్పిన రోజే పరీక్షించండి

పండగ వస్తుందనో మంచిరోజు కావాలనో పెట్టెను అటక మీద పెట్టొద్దు. ఆన్‌లైన్‌లో కొన్న సరుకు మార్చుకోవడానికి సాధారణంగా ఏడు రోజులో పది రోజులో గడువు ఇస్తారు. డెలివరీ అయిన రోజు నుంచే అది కరిగిపోతుంది. పెట్టె విప్పుతున్నప్పుడే, సీలు తీయకముందు నుంచి ఫోన్‌లో వీడియో తీయండి.

తెర మీద తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్ని ఒక్కొక్కటిగా నిండుగా పెట్టి చూడండి. చచ్చిన చుక్కలు, ఎప్పుడూ వెలుగుతూ ఉండే చుక్కలు అప్పుడే బయటపడతాయి. నలుపు పెట్టినప్పుడు గదిలో లైటు ఆర్పండి. అంచుల నుంచి వెలుతురు కారుతుంటే తెలుస్తుంది. ప్రతి కీ నొక్కండి. ప్రతి పోర్టులో ఏదో ఒకటి గుచ్చి చూడండి. కెమెరా, మైకు, స్పీకర్లు, వైఫై, మూత హింజ్, దేన్నీ వదలొద్దు. మూత మూసి నిద్రపుచ్చి మళ్లీ లేపండి. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే బ్యాటరీ అసలు సామర్థ్యమెంతో, ఇప్పుడు ఎంత నిండుతోందో రెండూ కనిపిస్తాయి. కొత్తదానిలో ఆ రెండు అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి.

ఒకటి రెండు చుక్కలు చచ్చినా చాలా కంపెనీలు వారంటీలో లోపంగా ఒప్పుకోవు. తెరల్లో ఎన్ని చుక్కల వరకు సహించవచ్చో చెప్పే ఐఎస్ఓ 9241-307 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. అందుకే ఆ చుక్కను వాపసు గడువులోనే పట్టుకోవాలి. గడువు దాటాక దాని గురించి వాదించి గెలవడం కష్టం.

2. బిల్లు, సీరియల్ నంబరు, వారంటీ తేదీ కలవాలి

అట్టపెట్టె మీది సీరియల్ నంబరు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్నది, బిల్లులో రాసినది ఒక్కటేనా అని చూసుకోండి. తర్వాత కంపెనీ వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి వారంటీ ఏ రోజు నుంచి మొదలైందో చూడండి. గోడౌన్ నుంచి బయల్దేరిన తేదీ నుంచే లెక్క మొదలైన సందర్భాలు ఉంటాయి. బిల్లు పంపి అడిగితే సరిచేస్తారు. మొదటి నెలలో ఇది చిన్న పని. వారంటీ చివర్లో అడిగితే పెద్ద తగువు.

బిల్లు లేకుండా తగ్గింపు ఇస్తామంటే వద్దనండి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి.

3. లోపం యంత్రానిదా, ఇంటి కరెంటుదా తేల్చుకోండి

బుక్కరాయసముద్రం నుంచి ఒక తల్లీకూతుళ్లు వచ్చారు. అల్యూమినియం బాడీ ఉన్న కొత్త ల్యాప్‌టాప్. చార్జింగ్ పెట్టి మణికట్టు ఆనిస్తే జివ్వుమంటోందట. “వాపసు ఇచ్చేద్దామా తాతా?” అని అడిగింది అమ్మాయి. నా బల్ల మీద పెడితే ఏమీ లేదు. మా కుర్రవాణ్ణి మీటరిచ్చి వాళ్లింటికి పంపాను. అక్కడ బాడీకీ నేలకూ మధ్య పెడితే మీటరు దాదాపు నూరు వోల్టులు చూపించింది. మూడు పిన్నుల ప్లగ్గే ఉంది కానీ ఎర్త్ పిన్నుకు ఎర్తే అందడం లేదు. ఇంటి వెనకాల ఎర్త్ గుంత ఎండి నెర్రెలిచ్చింది, తీగ తుప్పు పట్టి తెగింది. కొత్త తీగ వేసి, గుంతలో ఉప్పు, బొగ్గు నింపి, బిందెలతో నీళ్లు పోశారు. జివ్వుమనడం ఆగిపోయింది.

చార్జర్‌లో ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల గుండా అతి కొద్ది కరెంటు బాడీకి చేరుతుంది. ఎర్తింగ్ బాగుంటే అది నేలలోకి దిగిపోతుంది, లేకపోతే మన చేతిని దారి చేసుకుంటుంది. మట్టిలో తేమ తగ్గేకొద్దీ ఎర్తింగ్ బలహీనపడుతుంది. కరువు నేల మీద ఉన్నాం కాబట్టి ఎండాకాలంలో ఎర్త్ గుంతకు నీళ్లు పోయడం మరవొద్దు. ఎర్తింగ్ సరిగ్గా ఉన్నా షాక్ కొడుతుంటే చార్జర్‌ను అనుమానించండి, వెంటనే వాడకం ఆపండి.

ల్యాప్‌టాప్ చార్జర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకుంటాయి. లో వోల్టేజీకి అవి బెదరవు. కరెంటు పోయి తిరిగి వచ్చేటప్పుడు ఎగిసే వోల్టేజీతోనే భయం. పోయినప్పుడు ప్లగ్గు తీసేయండి, వచ్చాక కాసేపు ఆగి పెట్టండి.

4. మన ఎండనూ దుమ్మునూ లెక్కలో వేసుకోండి

చాలా ల్యాప్‌టాప్‌లు పనిచేసేందుకు కంపెనీలు రాసే గరిష్ఠ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 దాటుతుంది. మిట్టమధ్యాహ్నం రేకుల గదిలో పెట్టి వీడియో ఎడిటింగ్ చేస్తే ఫ్యాన్ హోరెత్తుతుంది, యంత్రం తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇది లోపం కాదు, కాపాడుకోవడం. చల్లని వేళలో కూడా అలాగే ఉంటే అప్పుడు లోపం.

పరుపు మీద, దిండు మీద పెట్టి వాడొద్దు. ఎండలో నిలిపిన కారులో వదిలేయొద్దు. లిథియం బ్యాటరీకి వేడి పెద్ద శత్రువు. చార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే సౌకర్యం ఉంటే, ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచి వాడేవాళ్లు అది పెట్టుకోండి. కళ్లం పనుల రోజుల్లో ఎర్రదుమ్ము, శెనక్కాయ పొట్టు గాలి రంధ్రాల్లో పేరుకుంటాయి. మెత్తని బ్రష్‌తో బయటి నుంచి దులపండి. వారంటీ ఉన్నన్నాళ్లు అడుగు విప్పకండి. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తే మాత్రం చార్జింగ్ ఆపి, నొక్కకుండా, గుచ్చకుండా సర్వీసు సెంటర్‌కు చెప్పండి.

5. వచ్చి పోయే లోపాన్ని వీడియో తీయండి

డాక్టరు దగ్గరికి వెళ్లగానే పిల్లాడి దగ్గు ఆగిపోయినట్టు, సర్వీసు సెంటర్ బల్ల ఎక్కగానే కొన్ని లోపాలు మాయమవుతాయి. తెర మిణుకుమనడం, ఉన్నట్టుండి ఆగిపోవడం, చార్జింగ్ ఎక్కకపోవడం అలాంటివే. “పరీక్షించాం, లోపం ఏమీ లేదు” అని తిరిగి ఇచ్చేస్తారు. కాబట్టి లోపం కనిపించినప్పుడల్లా ఫోన్‌లో తీయండి. అప్పుడు ఏ పని నడుస్తోంది, ప్లగ్గులో ఉందా బ్యాటరీ మీదనా, మూత ఏ కోణంలో ఉంది అని తేదీ వేసి రాసుకోండి. మూత కదిలిస్తే గీతలు వస్తున్నాయంటే డిస్‌ప్లే కేబుల్‌ను అనుమానించాలి. బయటి మానిటర్ తగిలిస్తే అక్కడా గీతలు వస్తుంటే గ్రాఫిక్స్ వైపు చూడాలి. ఈ ఒక్క వివరం మెకానిక్‌కు సగం దారి చూపిస్తుంది.

6. యంత్రం ఇచ్చేముందు డేటా తీసిపెట్టుకోండి

ఈ కాలపు పలుచని ఖరీదైన ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించేస్తున్నారు. కొన్నింటిలో స్టోరేజీ కూడా అంతే. అలాంటివాటిలో బోర్డు మార్చారంటే మీ ప్రాజెక్టు రిపోర్టు, ఇంటి ఫొటోలు పాత బోర్డుతోనే పోతాయి. వారంటీ యంత్రానికి వర్తిస్తుంది, డేటాకు వర్తించదు.

విండోస్ వాడేవాళ్లు డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీని ముందే రాసి పెట్టుకోండి. బోర్డు మారాక యంత్రం 48 అంకెల ఆ కీ అడగవచ్చు. అది లేకపోతే డిస్కు బాగున్నా తలుపు తెరుచుకోదు. మీ పాస్‌వర్డును చీటీ మీద రాసి కౌంటర్లో ఇవ్వకండి. పరీక్ష కోసం వేరే అకౌంటు తెరిచి ఇవ్వండి.

7. జాబ్ షీట్ మీద మీ మాట ఉండాలి

“పనిచేయడం లేదు” అని ఒక్క ముక్క రాసి సంతకం అడుగుతారు. చదవకుండా పెట్టొద్దు. “చార్జింగ్‌లో ఉన్నప్పుడు అరగంటకోసారి తెర నల్లబడుతోంది” అని వివరంగా రాయించండి. బాడీ మీద సొట్టలు, గీతలు లేవని కూడా రాయించండి. ఇచ్చేముందు నాలుగు పక్కలా ఫొటోలు తీసుకోండి. తర్వాత “కింద పడింది”, “నీళ్లు పడ్డాయి” అనే మాట వస్తే మీ చేతిలో ఉండేది ఆ కాగితం, ఆ ఫొటోలే. నీళ్లు పడ్డాయని వారంటీ కాదంటే, లోపల ఎక్కడ పడ్డాయో ఫొటోతో లిఖితంగా చెప్పమనండి.

తిరిగి తీసుకునేటప్పుడు ఏ భాగం మార్చారో రాసిన కాగితం అడగండి. మార్చిన భాగానికి వారంటీ ఎన్నాళ్లో కూడా అడగండి. ఫోన్‌లో మాట్లాడిన ప్రతి విషయాన్నీ అదే రోజు ఈమెయిల్‌లో రాసి పంపండి. కౌంటర్లో కూర్చున్న కుర్రవాడు ఆ యంత్రాన్ని తయారుచేసినవాడు కాదు. అతనితో మర్యాదగా మాట్లాడండి, పట్టు మాత్రం వదలొద్దు.

8. రిపేరు చాలా, మార్పించాలా అనేది మొదట్లోనే తేల్చండి

విప్పిన కొద్ది రోజుల్లోనే పెద్ద లోపం వస్తే రిపేరుకు తొందరపడి ఒప్పుకోవద్దు. వాపసు గడువులో ఉంటే మార్పు అడగండి. సర్వీసు సెంటర్ నుంచి డీఓఏ సర్టిఫికెట్, అంటే వచ్చేటప్పటికే చెడిపోయి ఉందన్న పత్రం తెమ్మంటారు. అడిగి తెచ్చుకోండి. బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వననడం కూడా చట్టం దృష్టిలో అనుచిత పద్ధతే.

ఒకే లోపం రిపేరు తర్వాత మళ్లీ మళ్లీ వస్తుంటే, జాబ్ షీట్లన్నీ జతచేసి మార్పు కోరుతూ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఒక్కో షీటూ ఒక్కో సాక్షి.

9. లోపం మోడల్ మొత్తానిదేమో చూడండి

2008 జూలైలో ఎన్విడియా తన గ్రాఫిక్స్ చిప్‌ల లోపం వల్ల అయ్యే ఖర్చు కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయిస్తున్నట్టు ప్రకటించింది. వేడెక్కడం, చల్లారడం వల్ల ఆ చిప్‌ల ప్యాకేజింగ్ దెబ్బతినేది. ఎన్నో బ్రాండ్ల ల్యాప్‌టాప్‌లు దానికి బలయ్యాయి. యాపిల్ 2015లో తెచ్చిన బటర్‌ఫ్లై కీబోర్డు కీలు ఇరుక్కుపోతుంటే 2018 జూన్‌లో ఉచిత సర్వీసు ప్రకటించింది. కొన్న నాటి నుంచి నాలుగేళ్ల వరకు అది వర్తించింది. 2019 జూన్‌లో 15 అంగుళాల పాత మ్యాక్‌బుక్ ప్రోల బ్యాటరీలను నిప్పు ప్రమాదం ఉందని వెనక్కి పిలిచింది. పెద్ద కంపెనీలే ఒప్పుకుని సరిచేసిన లోపాలు ఇవి. వారంటీ అయిపోయిందని డబ్బు కట్టేముందు, మీ మోడల్‌కు ఇలాంటి ఉచిత సర్వీసు ఉందేమో కంపెనీ వెబ్‌సైటులో చూడండి.

10. కొనేముందే సర్వీసు ఎంత దూరమో అడగండి

అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. పార్టు లేదంటే అక్కడికి పోవాల్సిందే. ఇంటికే మనిషి వచ్చే ఆన్‌సైట్ వారంటీ మీ పిన్‌కోడ్‌కు వర్తిస్తుందా అని కొనకముందే అడగండి. మడకశిర, రాయదుర్గం పల్లెల్లో ఉండేవాళ్లకు ఈ ప్రశ్న మరీ ముఖ్యం. అమెరికా నుంచి మనవడో అల్లుడో తెచ్చిన ల్యాప్‌టాప్‌కు ఇక్కడ వారంటీ ఉందా, ఆ మోడల్ పార్టులు మన దేశంలో దొరుకుతాయా అని సీరియల్ నంబరుతో ముందే కనుక్కోండి. అట్టపెట్టెను, లోపలి స్పాంజిని వారంటీ అయ్యేదాకా పారేయకండి.

11. చట్టం గడప తొక్కడానికి జంకొద్దు

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ తెగకపోతే రిజిస్టర్ పోస్టులో నోటీసు పంపి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉన్న కేసులు జిల్లా కమిషనే వింటుంది, 5 లక్షల వరకు ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న ఆ 2019 చట్టం ప్రకారం, బెంగళూరులో కొన్నా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచీ వేయవచ్చు. డీటీపీ చేసుకుని బతికే మనిషి తన ఉపాధి కోసం కొన్నా వినియోగదారుడే.

లోపం వచ్చిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. అవసరమైతే కమిషన్ యంత్రాన్ని ప్రయోగశాలకు పంపిస్తుంది. 45 రోజుల్లో నివేదిక రావాలి. లోపం రుజువైతే సరిచేయమనో, మార్చమనో, డబ్బు తిరిగి ఇమ్మనో, నష్టపరిహారం కట్టమనో ఆదేశిస్తుంది. అక్కడ నిలబడేది గొంతు కాదు, మీరు దాచుకున్న బిల్లు, జాబ్ షీట్లు, వీడియోలు, ఈమెయిళ్లు.

నాయనా, అమ్మా, మన సీమ మనిషి అప్పు ఉంటే తలవంచుకుని తీరుస్తాడు, రావాల్సింది ఉంటే అడగడానికి మొహమాటపడతాడు. ఆ మొహమాటం వదిలేయండి. మీ అమ్మానాన్నల కష్టం పూర్తి ధరగా కంపెనీకి చేరింది. దానికి తగ్గ వస్తువు మీ చేతికి చేరేదాకా అడగండి. ఈరోజే ఒక ఫైలు తెరిచి మొదటి కాగితంగా బిల్లు పెట్టండి.