రొయ్యల లెక్కల సైటు సర్వర్‌లో మొరాయిస్తే: పైథాన్ పిల్లలకు చిట్కాలు

ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల్లో నీళ్లలోని ఆక్సిజన్ తెల్లారేముందు బాగా పడిపోతుంది. ఇంకో ఏరియేటర్ వెయ్యాలా వద్దా అని రైతు ఫోన్ తీసి చూసేది ఆ వేళలోనే. ఆ రీడింగులు చూపించే చిన్న సైటు ఫ్లాస్క్‌లోనో జాంగోలోనో రాసిన పిల్లల ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తుంది, సర్వర్ ఎక్కాక కూలబడుతుంది. కోడ్‌లో తప్పేమీ ఉండదు, చాలాసార్లు పేచీ అంతా ప్యాకేజీలతోనే. నెల్లూరులో ఇలాంటి సైట్లు కట్టేవాళ్లు ఈ కింది సంగతులు చూసుకుంటే ఆ వేళకు రైతుకు ఖాళీ తెర ఎదురుకాదు.

1. ఎర్రర్ వచ్చిందంటే ముందు చివరి వరుస చదవండి. పైథాన్ అసలు కారణం అక్కడే చెబుతుంది. పిప్ ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతే మాత్రం కింద కనిపించేది గోల ఎక్కువ, విషయం తక్కువ. పైకి జరుపుకుంటూ వెళ్లి మొట్టమొదట 'ఎర్రర్' అన్న చోట ఆగండి.

2. కోడ్‌లో పిలిచే పేరు, ఇన్‌స్టాల్ చేసే పేరు ఒకటే అనుకోవద్దు. 'పిల్' కావాలంటే పిల్లో వేసుకోవాలి, 'యామెల్' కావాలంటే పైయామెల్. రొయ్య ఫొటో చూసి కౌంట్ అంచనా కట్టే ప్రాజెక్టుల్లో 'సీవీ2' ఉంటుంది, దాని ప్యాకేజీ ఓపెన్‌సీవీ-పైథాన్. సర్వర్‌కు తెర ఉండదు గనుక అది 'లిబ్‌జీఎల్' దొరకలేదని ఆగిపోతుంది. దాన్ని తీసేసి ఓపెన్‌సీవీ-పైథాన్-హెడ్‌లెస్ వేయండి, సరిపోతుంది.

3. ప్రతి ప్రాజెక్టుకూ దాని వెన్వ్ దానికి ఉండాలి. డెబియన్ 12లోనూ ఉబుంటు 24.04లోనూ నేరుగా పిప్ వాడబోతే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్' అని అడ్డుపడుతుంది. ఆ అడ్డు మన మంచికే. ఆపరేటింగ్ సిస్టం సొంత పనులకు వాడుకునే పైథాన్‌ను మనం చెడగొట్టకుండా కాపాడుతుంది. 'బ్రేక్ సిస్టం ప్యాకేజెస్' అనే ఆప్షన్‌తో దాటేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ల్యాప్‌టాప్‌లోని వెన్వ్ ఫోల్డరును సర్వర్‌కు కాపీ చేయడమూ వద్దు. అందులోని దారులన్నీ మీ మెషీన్‌వి. సర్వర్‌లో కొత్తది చేసుకోండి.

4. వెర్షన్లు రాయండి. ఈ జాబితాలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. రిక్వైర్‌మెంట్స్ ఫైలులో ఉత్త పేర్లు రాయడమంటే, రకం చెప్పకుండా 'వడ్లు' అని మాత్రం రాసిన చీటీ పట్టుకుని మొలగొలుకుల కోసం అంగడికి పోయినట్టే. ఆరోజు ఏది ముందుంటే అది వస్తుంది.

2023 సెప్టెంబరు 30న జరిగింది చూడండి. ఫ్లాస్క్ కింద పనిచేసే వెర్క్‌జూగ్‌కు ఆరోజు 3.0 వెర్షన్ వచ్చింది. అందులో 'యూఆర్ఎల్ కోట్' అనే ఫంక్షన్ తీసేశారు. ఫ్లాస్క్ 2.2 దాన్ని పిలుస్తుంది. తమ ఫైలులో ఫ్లాస్క్ వెర్షన్ జాగ్రత్తగా రాసుకున్నవాళ్ల సైట్లు కూడా మళ్లీ డిప్లాయ్ చేయగానే పడిపోయాయి. ఎందుకంటే వాళ్లు వెర్క్‌జూగ్ పేరే రాయలేదు. వెర్క్‌జూగ్ ఇంతకు మించకూడదని ఫ్లాస్క్ 2.2 కూడా హద్దు పెట్టలేదు. దాంతో పిప్ కొత్తది తెచ్చి పెట్టింది. ఒక్క అక్షరం మార్చని సైటు ఆగిపోయిందంటే కారణం చాలాసార్లు ఇలాంటిదే.

కాబట్టి మనం అడిగిన ప్యాకేజీలకే కాదు, వాటి వెనక వచ్చేవాటికీ == పెట్టి వెర్షన్ కట్టేయాలి. సైటు బాగా నడుస్తున్న రోజునే పిప్ ఫ్రీజ్ కొట్టి ఆ జాబితా దాచుకోండి. ఇంకా పద్ధతిగా కావాలంటే పిప్-టూల్స్ ఉంది, 2024లో వచ్చిన యూవీ ఉంది. మీకు కావలసిన నాలుగు పేర్లు ఒక ఫైలులో రాస్తే, పూర్తి జాబితా అవే వేరే ఫైలులో రాసిపెడతాయి. నా ఓటు యూవీకే, చాలా వేగం.

5. పైథాన్ వెర్షన్ కూడా రెండు చోట్లా ఒకటే ఉండాలి. 2023 అక్టోబరులో వచ్చిన 3.12లో డిస్ట్‌యుటిల్స్ లేదు. దాని మీద ఆధారపడ్డ పాత ప్యాకేజీలు అక్కడ ఎక్కవు. సర్వర్‌లో 3.11 పెట్టుకోండి, లేదా ఆ ప్యాకేజీ కొత్త వెర్షన్‌కు మారండి.

6. విండోస్‌లో రాసి లినక్స్ ఎక్కించేవాళ్లు ఫ్రీజ్ జాబితాలోంచి పైవిన్32 లాంటివి తీసేయాలి. ఫైలు పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా విండోస్ పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది.

7. మైఎస్‌క్యూఎల్‌క్లయింట్ ఎక్కకపోతే అది పిప్ ఒక్కదానితో తీరే పని కాదు. ముందు ఆప్ట్‌తో పైథాన్3-దేవ్, డిఫాల్ట్-లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్-దేవ్, బిల్డ్-ఎసెన్షియల్, పీకేజీ-కాన్ఫిగ్ వేయాలి. పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లకు 'పీజీ కాన్ఫిగ్ దొరకలేదు' అని వస్తుంది. చిన్న సైటుకైతే సైకోపీజీ2-బైనరీ చాలు.

8. ఇన్‌స్టాల్ మధ్యలో 'కిల్డ్' అన్న ఒక్క ముక్కతో ఆగిందంటే దాదాపుగా మెమరీ చాలలేదనే అర్థం. 1 జీబీ సర్వర్‌లో పెద్ద ప్యాకేజీలకు ఇది మామూలే. స్వాప్ ఫైలు పెట్టండి, పిప్‌కు 'నో క్యాష్ డిర్' చెప్పండి.

9. అన్నీ వేసినా 'మాడ్యూల్ లేదు' అంటోందా? సర్వీసు వేరే పైథాన్‌తో నడుస్తోందేమో చూడండి. సిస్టమ్‌డీ ఫైలులో గునికార్న్‌కు ఇచ్చే దారి వెన్వ్‌లోని బిన్ ఫోల్డరుదే కావాలి. మీరు టెర్మినల్‌లో వెన్వ్ యాక్టివేట్ చేసిన సంగతి సర్వీసుకు తెలియదు.

10. గుంట గట్టు షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై పెట్టి రీడింగులు పంపేవాళ్లు తుపాన్ల కాలమైన అక్టోబరు రాకముందే ఒక పని చేయాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గర, కానీ నెల్లూరునూ వానలూ గాలీ వదల్లేదు. తుపాను రోజుల్లో నెట్‌ను నమ్ముకోలేం. ముందుగానే పిప్ డౌన్‌లోడ్‌తో ప్యాకేజీలన్నీ పెన్ డ్రైవులో దాచుకుంటే, 'నో ఇండెక్స్', 'ఫైండ్ లింక్స్' ఆప్షన్లతో నెట్ లేకుండానే మళ్లీ వేసుకోవచ్చు. ఆ డౌన్‌లోడ్ రాస్ప్‌బెర్రీ పై మీదే చేయాలి. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ వేరు, దానికోసం దించినవి చాలావరకు రాస్ప్‌బెర్రీ పైలో ఎక్కవు.

11. ప్యాకేజీ పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. దగ్గర పేర్లతో దొంగ ప్యాకేజీలు పెట్టేవాళ్లున్నారు. సరైన పేరుతోనూ ప్రమాదం లేకపోలేదు. 2022 మేలో 'సీటీఎక్స్' అనే ప్యాకేజీని వేరేవాళ్లు చేజిక్కించుకుని, వేసుకున్నవాళ్ల రహస్య తాళాలు బయటికి పంపేలా మార్చారు. వెర్షన్‌తోపాటు హ్యాష్ కూడా రాసుకుంటే మారిన ఫైలును పిప్ ఒప్పుకోదు.

12. అప్‌గ్రేడ్ ఒక్కసారిగా వద్దు. ఒక ప్యాకేజీ మార్చి, పిప్ చెక్ కొట్టి, సైటు తెరిచి చూసి, అప్పుడు రెండోదానికి వెళ్లండి. పాత వెన్వ్‌ను వారం రోజులు తీసేయకండి. కొత్తది పేచీ పెడితే సర్వీసు ఫైలులో దారి మార్చి పాతదానికి తిప్పడం నిమిషం పని. రొయ్యల పట్టుబడి వారంలో మాత్రం ఏ అప్‌గ్రేడూ పెట్టుకోవద్దు, ఎంత చిన్నదైనా సరే.