24 ఫ్రేమ్‌ల కార్టూన్, 120 హెర్ట్జ్ ఫోన్: 'ఫీడ్ ద కిటీ' నేర్పే పాఠం

ఫోన్ 120 హెర్ట్జ్, టీవీ 4కే. అయినా పాత కార్టూన్ పెడితే ఏదో తేడాగా ఉందా? తప్పు కార్టూన్‌ది కాదు, మన సెట్టింగ్స్‌ది. 1952లో వచ్చిన 'ఫీడ్ ద కిటీ'ని ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

చక్ జోన్స్ డైరెక్ట్ చేసిన ఈ వార్నర్ బ్రదర్స్ కార్టూన్ సుమారు 7 నిమిషాలే. మార్క్ ఆంటోనీ అనే బుల్‌డాగ్ ఎంత మొరిగినా బుజ్జి పిల్లికూన అస్సలు భయపడదు. పైగా వీపెక్కి హాయిగా పడుకుంటుంది. అంతే, కుక్క ఫ్లాట్! ఇంటావిడ కంట పడకుండా దాన్ని దాచడానికి పడే తిప్పలే కామెడీ.

1. ఫ్రేమ్ రేట్
సినిమా సెకనుకి 24 ఫ్రేమ్‌లు. అప్పటి కార్టూన్లలో చాలాచోట్ల ఒక్కో బొమ్మని 2 ఫ్రేమ్‌లు ఉంచేవారు, అంటే సెకనుకి 12 బొమ్మలు. స్పీడ్ సీన్లలో మాత్రం ప్రతి ఫ్రేమూ మారుతుంది.

60ని 24తో భాగిస్తే 2.5. అందుకే 60 హెర్ట్జ్ స్క్రీన్ ఒక ఫ్రేమ్‌ని 2 సార్లు, తర్వాతి దాన్ని 3 సార్లు చూపిస్తుంది. 12 బొమ్మల సీన్‌లో 2+3=5, అన్నిటికీ సమానమే. కుదుపు తెలిసేది స్పీడ్ సీన్లలోనే. 120 హెర్ట్జ్‌లో ప్రతి ఫ్రేమ్‌కీ కచ్చితంగా 5. కానీ కొన్ని ఫోన్లు వీడియో యాప్‌లో 60కి దిగిపోతాయి, చెక్ చేసుకోండి.

2. మోషన్ స్మూతింగ్
ఇది ఆన్‌లో ఉంటే టీవీ మధ్యలో లేని ఫ్రేమ్‌లని సొంతంగా తయారు చేస్తుంది. ఆర్టిస్ట్ కావాలని ఆపిన పోజ్ జారిపోతుంది, గీతలు చెదురుతాయి. కార్టూన్లకి ఆఫ్ చేసేయండి.

3. ఫుల్ స్క్రీన్ జూమ్
4:3 వీడియోని 20:9 స్క్రీన్ నిండా జూమ్ చేస్తే పైనా కిందా కలిపి 40 శాతం కట్! మొదటిసారి నేను చేసిన పొరపాటు ఇదే. అంత పెద్ద కుక్క, ఇంత చిన్న పిల్లి అనే తేడాయే ఇక్కడ జోక్. ఫ్రేమ్ కట్ అయితే ఆ తేడా ఎలా కనిపిస్తుంది? పక్కన నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి.

ఇప్పుడు బిస్కెట్ సీన్ చూడండి. కూన పిండితో పాటు ఓవెన్‌లోకి వెళ్లిపోయిందనుకుని కుక్క కుప్పకూలుతుంది. ఇంటావిడ ఇచ్చిన పిల్లి ఆకారం బిస్కెట్‌ని ఏడుస్తూ వీపు మీద పెట్టుకుంటుంది. అప్పటిదాకా నవ్విన మనకి ఒక్కసారిగా గొంతు పట్టేస్తుంది. ఆ ముఖంలో ఒక్కో బొమ్మా చేత్తో గీసిందే. దాన్ని గీసినట్టే చూపించడమే మంచి స్క్రీన్ పని.