నడిసంద్రమున ఒక విశ్రాంతి దినము

కొత్తగూడ నుండి ఏ దిక్కునకు సాగినను సముద్రము వందల కిలోమీటర్ల దూరమున నున్నది. అయినను ఈ ప్రాంతమునకు సముద్రముతో పూర్వబంధము కలదు. మన పొరుగున నున్న గోలకొండను కుతుబ్‌షాహీలు ఏలిన కాలమున మచిలీపట్నము ఆ రాజ్యమునకు ముఖ్యమైన రేవు. ఆ పట్టణమునకు గల ‘బందరు’ అను పేరు, రేవు అను అర్థము గల పారసీక పదమే. పడవ నడపువానిని తెలుగున ‘సరంగు’ అనుటయు ఆ భాష నుండి వచ్చినదే. నాటివారు వ్యాపారమునకును, తీర్థయాత్రకును ఓడ నెక్కిరి. బొంబాయి నుండి హజ్ యాత్రికులను జిద్దాకు చేర్చు ఓడలు 1995 వరకు నడచినవి. నేడు కేవలము విశ్రాంతికై ఓడ నెక్కువారును కలరు. ఈ విశ్రాంతి దేనిపై ఆధారపడి యున్నదో విచారింతము.

మన తెలుగు తీరమున విశాఖపట్నపు రేవు 1933లో ఆరంభమైనది. స్వతంత్ర భారతమున నిర్మితమైన తొలి ఆవిరి ఓడ ‘జల ఉష’ 1948 మార్చి 14న అచ్చటనే నెహ్రూ చేతుల మీదుగా నీటిలోనికి దిగినది. 2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అను విహార నౌక అదే రేవునకు వచ్చి ప్రయాణికులను ఎక్కించుకొన్నది. 1990లో నిర్మింపబడిన ఈ నౌక పొడవు సుమారు 211 మీటర్లు. 2023లో విహార నౌకలకై అచ్చట ప్రత్యేక టెర్మినల్ ప్రారంభమైనది.

ఓడపై కలుగు మొదటి ఆనందము దృష్టి విశాలమగుట. కన్ను నీటిమట్టముపై ఎన్ని మీటర్ల ఎత్తున నున్నదో ఆ సంఖ్య యొక్క వర్గమూలమును 3.57 చే గుణించినచో, దిగంతము ఎన్ని కిలోమీటర్ల దూరమున నున్నదో తెలియును. నీటి అంచున నిలిచినవానికి అది నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే. 25 మీటర్ల ఎత్తు గల పైఅంతస్తున నిలిచినచో దాదాపు 18 కిలోమీటర్లు. కొందరికి ఓడలో తల తిరిగి వాంతులగును. గదిలో కూర్చున్నప్పుడు కన్ను నిశ్చలతను తెలుపగా లోచెవి కదలికను తెలుపుటయే ఇందుకు కారణము. ఓడ నడుమ భాగమున, క్రింది అంతస్తున ఊపు తక్కువ. వెలుపలికి వచ్చి దిగంతమును చూచుచుండినను ఉపశమనము కలుగును.

అయితే ఈ సుఖమునకు ముందు ఒక విధి కలదు. 1912లో టైటానిక్ మునిగిన పిదప, 1914లో సముద్రమున ప్రాణరక్షణకై తొలి అంతర్జాతీయ ఒప్పందము కుదిరినది. 2012లో ఇటలీ తీరమున కోస్టా కాంకోర్డియా ఒరిగి 32 మంది మరణించిరి. అప్పటికి ప్రయాణికులలో కొందరికి రక్షణ శిక్షణ జరుగనే లేదు. అందుచే 2015 నుండి ఓడ బయలుదేరుటకు ముందో, బయలుదేరిన వెంటనేయో ఆ శిక్షణ జరుపవలెనని నియమము మారినది. మన గోదావరిపై కచ్చులూరు వద్ద 2019 సెప్టెంబరు 15న, వరద వేళ, విహారపు పడవ మునిగి ఎందరో ప్రాణములు కోల్పోయిరి. మృతులలో మన తెలంగాణవారును కలరు. కావున రక్షక కవచము ధరింపుమనిన వేళ నవ్వుట తగదు.

ఇంకొక ఆధారము నావికుని నిద్ర. 2006 నాటి నావిక శ్రామిక ఒప్పందము ప్రకారము నావికునికి 24 గంటలలో 10 గంటలకును, 7 దినములలో 77 గంటలకును తక్కువ కాని విశ్రాంతి ఉండవలెను. భారతదేశము 2015లో దీనిని ఆమోదించినది. అలసిన కన్ను కావలి కాయలేదు గనుక, ఈ నియమము అతనికే గాక ప్రయాణికులకును రక్షణ.

మన కొత్తగూడ పరిసరముల కార్యాలయములలో దూరదేశపు గడియారమును బట్టి రాత్రులు పనిచేయువా రనేకులు. మన పట్టభద్రులలోను కొందరు రేపు అట్టి కొలువులలో చేరుదురు. వారెల్లరు ఓడ నెక్కలేకపోవచ్చును. ఓడ విడిచి వచ్చినవారికైనను ఒక దినపు విహారము ఏడాది నిద్రలేమిని తీర్చజాలదు. నావికునికి లెక్కించి యిచ్చిన విశ్రాంతిని మన నగరమున పనిచేయువారికిని లెక్కించి యిచ్చుటయే నిజమైన మార్గమని మా అభిప్రాయము. ఈ విషయమును విద్యార్థులును, పెద్దలును ఆలోచింతురు గాక.